అమ్మడు అరిచే రోజు

మా పెరట్లోకి వెళ్ళడానికి ఒకటే దారి. వంటగది పక్కన, గోడకూ గోడకూ మధ్య ఉన్న సందు. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు వెనక్కి నడవాల్సిందే. ఒకప్పుడు అవతల ఖాళీ స్థలం ఉండేదట, అత్తయ్య ఆవులు అటునుంచే వచ్చి పోయేవట. తర్వాత ఒక్కొక్కటిగా ఇళ్ళు లేచాయి. ఇప్పుడు పెరటికి మూడు వైపులా పరాయి ఇళ్ళ వెనక గోడలు, నాలుగో వైపు మా వంటగది.

ఆ సందులోంచే నా భార్య ఒక తల్లిలేని దూడను రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తెచ్చింది. ఆవులన్నీ అమ్మేశాక ఖాళీగా ఉన్న కొట్టంలో కట్టేసి, సీసాతో పాలు పట్టింది. అమ్మడు అని పిలిచేది. "పెద్దదయ్యాక బయటికెలా తీసుకెళ్తావు?" అని అడిగితే, "ఎందుకు తీసుకెళ్ళడం? ఇది మా ఇల్లు" అంది.

అమ్మడు ఎదిగి పెయ్య అయిన ఏడు నా భార్య జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. అంతకంటే రాయను.

నెల తిరక్కముందే పెయ్య అరవడం మొదలుపెట్టింది. ఒక రోజు పొద్దున్నే అందుకుంది. మేత ముట్టలేదు. పలుపు తెంచుకునేలా అటూ ఇటూ తిరుగుతూ, మెడ చాచి, గొంతు పగిలిపోయేలా పొద్దుగూకేదాకా అరిచింది. గోడ అవతలి టైలరు భార్య నిచ్చెనెక్కి చూసి, "ఏమైంది పిన్నిగారూ?" అని అడిగింది.

"అమ్మాయి కోసం ఏడుస్తోంది" అంది అత్తయ్య.

ఆ మాట వీధిలో నిలిచిపోయింది. మూడు వారాలకోసారి అమ్మడు అరిచేది. ఆ రోజు అత్తయ్య వంటయ్యాక కొట్టంలోకి వెళ్ళి లోపల గడియ వేసుకునేది. సాయంత్రం దాకా బయటికి వచ్చేది కాదు. వీధివాళ్ళు కూడా ఆ రోజు రేడియో తగ్గించేవారు. నాకు పశువుల సంగతి తెలియదు. నేను పుస్తకాల మధ్య పెరిగినవాణ్ణి. పెయ్య ఏడుస్తోందంటే ఏడుస్తోందనే అనుకున్నాను. ఆ రోజుల్లో బడి వదిలాక కూడా తరగతి గదిలోనే కూర్చుని పేపర్లు దిద్దుకునేవాణ్ణి. దిద్దడానికి పేపర్లు లేకపోతే నల్లబల్ల తుడిచేవాణ్ణి.

బడి దగ్గర ఒక గది చూసుకున్నాను. ఆ సంగతి చెప్పినప్పుడు అత్తయ్య కాదనలేదు.

"వెళ్దువుగాని బాబూ. అమ్మాయి ఇంత పెంచింది, దాని చేతుల మీదుగా ఈ పెయ్య ఈనాల్సింది. అది ఈనాక వెళ్దువులే. అంతవరకు నేనొక్కదాన్నే చూసుకోలేను."

సరేనన్నాను. సరేనన్నప్పుడు అదెంత చిన్న గడువు అనిపించిందో!

పెయ్య చూడి కట్టలేదు. చూడి కట్టించే సూది వేసే ఆయన్ని ఊళ్ళో అందరూ క్యానాయన అంటారు. ఎద్దుల వీర్యం నిలవ ఉంచే, చల్లటి పొగలు కక్కే క్యాను ఒకటి మోటారు సైకిలు వెనక కట్టుకుని తిరుగుతాడు, అందుకని. లావుపాటి మనిషి. మా సందులోకి పక్కవాటుగా దూరి, క్యాను తల మీదికెత్తుకుని వచ్చేవాడు.

"మాస్టారూ, ఎద్దుల్ని క్యానులో పెట్టి తేవచ్చు గానీ, నన్ను మీ సందులోంచి తేవడం కష్టమండీ" అనేవాడు.

నేను పెయ్య మెడతాడు పట్టుకునేవాణ్ణి. అత్తయ్య తోక పట్టుకునేది. క్యానాయన భుజం దాకా తొడుగు వేసుకుని లోపల చెయ్యి పెట్టి, ముఖం చిట్లించేవాడు.

"బిగువు లేదు పెద్దమ్మా. లోపల చల్లారినట్టుంది. ఎప్పుడు మొదలైంది?"

"ఇవాళ పొద్దున్నే. జిగట తీగలు కూడా వేసింది."

"మరి ఏదీ, తడే లేదు?"

"తుడిచాను. దీనిది మూగెద నాయనా. పైకి ఏమీ తెలియదు, కనిపెట్టి చూసుకోవాలి."

"మీరు చెప్పాక ఇంకేముంది. మీరు పిండిన పాలు తాగి పెరిగినవాణ్ణి" అంటూ క్యానాయన తన పని ముగించి వెళ్ళేవాడు. మళ్ళీ మూడు వారాలకు అమ్మడు అరిచేది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు అత్తయ్య, "పెయ్య ఎదకొచ్చింది, క్యానాయనకి ఫోన్ చెయ్యి" అనేది. నేను చేసేవాణ్ణి. నాలుగుసార్లు అలాగే జరిగింది.

నా బావమరిది పక్క ఊళ్ళో ఉంటాడు. పాల వ్యాను తోలుతాడు గానీ, పాలు ఎక్కడినుంచి వస్తాయో పట్టించుకోడు. వాడికి క్యాన్లు తెలుసు, ఆవులు తెలియవు. ఆదివారం వచ్చి దాణా బస్తా దింపి, సందు మధ్యలో నిలబడి రెండు చేతులూ చాచబోయాడు. మోచేతులు విప్పకముందే రెండు అరచేతులూ రెండు గోడలకూ తగిలాయి.

"బావా, ఇప్పుడైతే ఎలాగో తోసి బయటికి తేవచ్చు. ఇంకొంచెం ఒళ్ళు చేసిందంటే ఇక్కడే ఉండిపోతుంది. ఈనేదైతే ఉండనీ. గొడ్డుదైతే ఎందుకు? బేరగాడితో మాట్లాడాను."

"ఏం బేరగాడు?" అంది అత్తయ్య వంటగదిలోంచి.

"పశువుల బేరగాడే అమ్మా, పెళ్ళి బేరగాడు కాదు."

"కొని ఏం చేస్తాడు?"

వాడు దాణా బస్తాను గోడవారకు జరిపాడు. గొడ్డు పెయ్యను కొన్నవాడు ఏం చేస్తాడో ముగ్గురికీ తెలుసు.

"పశువుల డాక్టరమ్మకి చూపిద్దాం. ఆవిడ బాగుందంటే ఇంకొక్కసారి. అప్పటికీ చూడి నిలవక పొర్లిందంటే మాత్రం నా మాట వినాలి. అక్క పెంచిందని నాకు లేదా? కానీ ఎన్నాళ్ళని? మీరిద్దరూ దాని ముఖం చూస్తూ, అది మీ ముఖం చూస్తూ."

డాక్టరమ్మ క్యానాయన్ని కూడా రమ్మంది. చిన్న మనిషి, సందు ఆవిడకు అడ్డం కాలేదు. చెప్పులు విప్పి రబ్బరు బూట్లు వేసుకుంటూనే అడగడం మొదలుపెట్టింది.

"కవలల్లో పుట్టిందా? దీంతోపాటు కోడెదూడ ఏమన్నా పుట్టిందా?"

"లేదమ్మా. ఒక్కటే" అంది అత్తయ్య.

"అలా పుట్టిన పెయ్యలు కొన్ని ఎప్పటికీ కట్టవు, అందుకని అడిగాను. పురుగుల మందు పట్టారా?"

"పట్టాం."

"ఉప్పు, ఖనిజాల పొడి?"

"దాణాలో కలుపుతున్నాను" అన్నాను నేను. అదొక్కటే నాకు తెలిసిన జవాబు.

తర్వాత ఆవిడ క్యానాయన వైపు తిరిగింది. "నువ్వు క్యానులోంచి తీసిన వీర్యపు స్ట్రాను గోరువెచ్చటి నీళ్ళలో కరిగిస్తున్నావా, చొక్కా జేబులో పెట్టుకుని కరిగిస్తున్నావా?"

"అయ్యో, జేబులో ఎందుకండీ..."

"పక్క వీధిలో నిన్ను చూసినవాళ్ళు చెప్పారులే."

"అది చలికాలమండీ, ఒక్కసారే" అన్నాడు క్యానాయన, కూర్చున్న చోటే చిన్నవాడైపోయి. "ఇక్కడ మాత్రం పెద్దమ్మే నీళ్ళు కాచి, మణికట్టు పెట్టి చూసి ఇస్తుంది. ఇక్కడ నా తప్పు లేదు."

డాక్టరమ్మ లోపల చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికింది. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. అమ్మడు నా చొక్కా అంచు నాకుతోంది. ఆవిడ చెయ్యి తీసి బకెట్లో కడుక్కుంది.

"గర్భసంచి శుభ్రంగా ఉంది. అండాశయాలు పనిచేస్తున్నాయి. ఈనడానికి పుట్టిన పెయ్య ఇది. దీనిలో లోపం లేదు, మందులో లోపం లేదంటున్నారు. ఇక మిగిలింది వేళ. పొద్దున ఎదకొస్తే సాయంత్రం సూది పడాలి. సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున. ఆ పూట దాటితే ఎన్నిసార్లు వేయించినా నేలపాలే. మేత మానేస్తుందా అమ్మా?"

"మానదు."

"నిలవకుండా తిరుగుతుందా?"

"లేదు."

"అరుస్తుందా?"

అత్తయ్య పెయ్య వీపు మీద గడ్డిపరక తీసి కింద పడేసింది.

"అరవదు. దీనిది మూగెద."

నేను అక్కడే ఉన్నాను. తాడు నా చేతిలోనే ఉంది. టైలరు ఇంటి గోడ మీద నిచ్చెన కొసలు కనబడుతున్నాయి. మాట్లాడాల్సింది నేనే. పాతికేళ్ళుగా పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి, నోరు తెరవలేకపోయాను.

డాక్టరమ్మను వీధి దాకా సాగనంపడానికి వెళ్ళాను. సూది వేయించిన రోజుల్లో అమ్మడు తోకకు అంటి ఉండగా చూసినది గుర్తొచ్చి, ఆవిడ స్కూటరు తిప్పుతుంటే అడిగాను.

"తోక దగ్గర కొంచెం రక్తం కనబడితే ఏమిటండీ?"

"ఎద అయిపోయిందని. చాలామంది అదే ఎద అనుకుని అప్పుడు పిలుస్తారు. పెళ్ళివారు వెళ్ళిపోయాక పందిరి వేసినట్టు" అని నవ్వింది. వెంటనే ఆగి, "కనబడుతోందా?" అంది.

"ఊరికే అడిగాను."

వెనక్కి వచ్చి సందులో నిలబడ్డాను. అటు చివర అత్తయ్య కొట్టం కడుగుతోంది. నీళ్ళు పారే చప్పుడు. ఇంతకాలం ఈ ఇంట్లో అమ్మాయి కోసం అమ్మడు ఏడుస్తోందని నేను నమ్మాను. అది అబద్ధమైతే, నా బదులు ఏడ్చిన ప్రాణి ఒకటి తగ్గిపోయింది. నా లెక్కే ఇలా ఉంటే, ఆవిడ లెక్క ఏమిటి? చెప్తే ఆవిడ దగ్గర ఉన్న ఒక్కటీ లాక్కున్నట్టు. చెప్పకపోతే బేరగాడు వస్తాడు. రెండు గోడలూ భుజాలకు తగులుతున్నాయి. వెనక్కి నడిచి వంటగదిలోకి వచ్చేశాను.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. పొద్దున్నే లేచి చెవి ఒగ్గి వినేవాణ్ణి. అన్నం తింటూ వినేవాణ్ణి. బడిలో ఎక్కడో బల్ల జరిగినా ఉలిక్కిపడేవాణ్ణి. అత్తయ్య కూడా వింటోందని నాకు తెలుసు. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒక పశువు ఎప్పుడు అరుస్తుందా అని, ఒకరికొకరు తెలియనట్టు ఎదురుచూడటం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం.

ఒక పొద్దున బడికి బయల్దేరి చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే అమ్మడు అందుకుంది. ఆ మొదటి అరుపు సందులోంచి దూసుకొచ్చి వీధి తలుపుకు తగిలినట్టయింది. చెప్పులు విడిచేశాను. ఫోన్ తీసి, గుమ్మంలోనే నిలబడి, అత్తయ్యకు వినబడేలా మాట్లాడాను.

"సాయంత్రం రావాలి. అవును, ఇవాళే. మర్చిపోకండి."

లోపలికి వెళ్ళేసరికి ఆవిడ పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుంటోంది.

"బడికి వెళ్ళలేదేం?"

"సాయంత్రం క్యానాయన వస్తున్నాడు అత్తయ్యా."

"ఇవాళ వద్దు. దానికి ఇవాళ బాగాలేదు. వినబడటం లేదూ, ఏడుస్తోంది."

"ఏడవడం కాదు అత్తయ్యా."

"నాకు చెప్తున్నావా?" గొంతు పెంచలేదు. "నువ్వు పలక పట్టకముందు నుంచీ నేను ఆవుల పొదుగు పట్టాను. ఎద అరుపేదో, ఆకలి అరుపేదో, దూడ చచ్చిన అరుపేదో నాకు చెప్తావా?"

 పెరట్లో అమ్మడు ఆపకుండా అరుస్తోంది. ఆవిడ చేతిలో గుడ్డను మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"మరి తెలుసు కదా" అన్నాను.

"తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు."

పీట లాక్కుని కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

"అమ్మాయిని ఆస్పత్రినుంచి తెచ్చిన రోజున నాకెవరూ ఏడ్చే వీలివ్వలేదు బాబూ. ఒకరు నీళ్ళిచ్చారు. ఒకరు ధైర్యం చెప్పారు. నువ్వున్నావు కదా, నువ్వు గట్టిగా ఉండాలి, అల్లుణ్ణి చూసుకోవాలి అన్నారు. నీ ముఖం చూస్తే నాకు భయమేసింది, నేను ఏడిస్తే నువ్వేమైపోతావో అని. నువ్వూ ఏడవలేదు. గోడల్లా నిలబడ్డాం ఇద్దరం. ఇంతలో అమ్మడు అందుకుంది. ఏమైంది పిన్నిగారూ అని ఆ పిల్ల అడిగితే, నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. వచ్చాక బాగుందనిపించింది. దాని పక్కన కూర్చుంటే, అంత గోలలో నేనేం చేసినా ఎవరికీ వినబడదు."

"కట్టకపోతే మీ అబ్బాయి అమ్మేస్తాడు. అప్పుడూ ఆ అరుపు ఉండదు."

"కట్టిందంటే మళ్ళీ అరవదు. ఈనిందంటే నువ్వు వెళ్తావు. కట్టకపోతే బేరగాడు. నాకు తెలియదనుకుంటున్నావా? ఎటు తిరిగినా గోడే. అందుకే ఏదీ చేయలేక, చేసినట్టు చేస్తూ వచ్చాను."

చేసినట్టు చేయడం నాకు తెలియని పని కాదు. తుడిచిన నల్లబల్లనే మళ్ళీ తుడిచినవాణ్ణి.

"అమ్మడిని లోపలికి తెచ్చిన రోజున," అన్నాను, "బయటికెలా తీసుకెళ్తావని అడిగాను. ఇది మా ఇల్లు అంది."

నా భార్య మాట ఆ ఇంట్లో నేను పైకి అనడం అదే మొదటిసారి. అత్తయ్య నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి కొట్టంలోకి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినబడింది. నేను సందులో గోడకు ఆనుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ సందులోకి దిగి, ఒక గోడ మీంచి రెండో గోడ మీదికి మారింది. అమ్మడు అరుస్తూనే ఉంది. దాని కింద ఇంకేదైనా వినబడుతుందేమోనని విన్నాను. ఏదీ వినబడలేదు. ఆవిడ చెప్పింది నిజమే.

సాయంత్రం క్యానాయన గొంతు వీధిలోంచే వినబడింది. "మాస్టారూ, వచ్చేస్తున్నా, ఎదురు రాకండి!"

సందు మధ్యకొచ్చి ఆగిపోయాడు. "ఇదేమిటి, ఇలా అరుస్తోంది? మూగెద అన్నారుగా?"

నేను కొట్టం తలుపు వైపు చూశాను. తలుపు మూసే ఉంది. క్యాను తల మీద పెట్టుకుని, ముందుకీ వెనక్కీ లేక, ఆయన నా జవాబు కోసం నిలబడ్డాడు.

"ఈసారి నోరొచ్చింది" అన్నాను.

"రావాలి మరి, ఎన్నాళ్ళని ఊరుకుంటుంది!"

గడియ తీసిన చప్పుడైంది. అత్తయ్య తలుపు తెరిచి పక్కకు తప్పుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, "పొద్దున్నే మొదలైంది నాయనా. మేత మానేసింది. తీగలు గాజులా సాగుతున్నాయి, చూసుకో. ఈసారి తుడవలేదు" అంది.

నీళ్ళు తనే కాచింది. మణికట్టు ముంచి చూసి, కొంచెం చన్నీళ్ళు కలిపి, మళ్ళీ చూసి ఇచ్చింది. నేను తాడు పట్టుకున్నాను. ఆవిడ తోక పట్టుకుంది. క్యానాయన చెయ్యి పెట్టగానే ముఖం విప్పారింది.

"ఇదీ ఎదంటే! పెద్దమ్మా, ఇన్నాళ్ళూ నన్నూ దీన్నీ ఊరికే తిప్పారు."

"తిప్పాను నాయనా" అంది అత్తయ్య.

ఆయన దాన్ని హాస్యమనుకుని నవ్వాడు.

మళ్ళీ ఎదురుచూడటం. ఈసారి అరవకూడదని. అరిస్తే బేరగాడు, అరవకపోతే కట్టినట్టు. అరవకూడదని కోరుకుంటూనే, ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందోనని భయం. బావమరిది ఫోన్ చేసి "ఏమైంది బావా?" అంటే "ఇంకా రోజు రాలేదు" అనేవాణ్ణి.

మూడు వారాలకు అరుపు రావలసిన రోజున నేను బడికి సెలవు పెట్టాను. ఇద్దరం పొద్దున్నే లేచాం. పెరట్లో ఏ చప్పుడూ లేదు. టైలరు ఇంట్లో కుట్టు మిషను తిరుగుతోంది. ఎక్కడో చెంబు కింద పడింది. అత్తయ్య వంట పూర్తి చేసి, రెండు పళ్ళేలూ పెట్టి, తినకుండానే లేచి కొట్టంలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

మధ్యాహ్నం దాటింది. మర్నాడైనా అరవవచ్చని క్యానాయన ముందే చెప్పాడు, అయినా కట్టిందని నాకు తెలిసిపోయింది. సందులోంచి నడిచి కొట్టం తలుపు ముందు నిలబడ్డాను. కొట్టాలా వద్దా అని చెయ్యి ఎత్తి అలాగే ఉన్నాను.

"గడియ వేయలేదు" అంది ఆవిడ లోపలినుంచి.

తోసి వెళ్ళాను. అమ్మడు పడుకుని నెమరు వేస్తోంది. ఆవిడ దాని పక్కనే గడ్డి మీద, గోడకు వీపు ఆనించి కూర్చుంది. నేను ఇవతలి పక్కన కూర్చున్నాను. ఆ కొట్టంలో నేను కూర్చోవడం అదే మొదలు. పెయ్య ఒంటి వేడి నా మోకాలికి తగులుతోంది. దవడ ఒకే తీరుగా కదులుతోంది. మరేమీ లేదు.

"అరవలేదు" అంది.

"లేదు."

కాసేపటికి అడిగింది. "ఆ గది చూసుకున్నావు కదా. కిటికీ ఉందా దానికి?"

"ఉంది."

"తెరిస్తే ఏం కనబడుతుంది?"

అబద్ధం చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు. "బడి గోడ."

"గోడా!" అంది ఆవిడ. "ఈ గోడ వదిలి ఆ గోడకా పోవడం?"

నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆవిడ నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, ముందుకు వంగి, ఊపిరి తీసుకోలేక నవ్వుతూ ఉంది. ఎక్కడో మధ్యలో అది వేరేగా మారింది. గొంతు పెద్దదైంది. గోడలు దాటి పోయేంత పెద్దదైంది. పక్కింట్లో కుట్టు మిషను ఆగిపోయింది. నేను చెయ్యి చాచాను. అమ్మడు వీపు మీదుగా అది ఆవిడ భుజానికి అందింది. నా గొంతులోంచి కూడా ఏదో వస్తోంది. ఆపలేదు.

అమ్మడు నెమరు వేయడం ఆపి, తల తిప్పి మమ్మల్ని చూసింది.